కూలి డబ్బు ఇంటికి చేర్చిన దూబగుంట రోశమ్మ

కలిగిరి: పల్లెటూరి ఆడమనిషి పేరు ఊరి పేరుతో కలిసిపోయి రాష్ట్రమంతటా మారుమోగడం అరుదు. నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటకు చెందిన వర్ధినేని రోశమ్మకు ఆ గౌరవం దక్కింది. ఇంటిపేరుతో చెబితే ఆమెను గుర్తుపట్టేవారు తక్కువ. దూబగుంట రోశమ్మ అంటే చాలు. ఊరి సారా దుకాణాలను మూయించిన ఆడవాళ్ల ముందు నిలిచిన రోశమ్మ 2016లో పండు వయసులో కన్నుమూశారు.

నాడు ఆమె బాట పట్టి తమ తమ ఊళ్లలో సారా పాకెట్లను తగలబెట్టిన ముప్పై ఏళ్ల ఇల్లాళ్లు నేడు అరవై దాటిన అవ్వలు. మెట్టలో, డెల్టాలో, సముద్రపు ఒడ్డున కుప్పాల్లో ఇప్పటికీ వారు కనిపిస్తారు. అరుగు మీద మనవరాలికి జడ వేస్తూనో, చేపల గంప ముందు కూర్చునో ఉన్న ఈ ముసలమ్మ ఒకనాడు చీపురు పట్టి జీపుకు అడ్డం నిలిచిందంటే మనవళ్లు నమ్మరు. రోశమ్మ కథ చెప్పుకుంటే ఈ అవ్వలందరి కథా చెప్పుకున్నట్టే.

చేయని పని లేదు

నెల్లూరు జిల్లాలో పల్లెటూరి ఆడవాళ్లు చేయని పని లేదు. పెన్న కింద మాగాణిలో నారు పీకడం, నాట్లు వేయడం, కలుపు తీయడం, కోత కోయడం వారి చేతి పనులే. మొలగొలుకులు పండించి జిల్లాకు పేరు తెచ్చిన పొలాల్లో బురదలో వంగిన నడుము ఎక్కువగా ఆడదే. పుట్టి లెక్కన ధాన్యం కొలిచి బండికి ఎత్తేది మగవాళ్లయినా, ఆ గింజ కంకి కావడానికి ముందు పడిన పాట్లలో సగానికి పైగా ఆడవాళ్లవి. కూలి దగ్గరకు వచ్చేసరికి మాత్రం మగవాడి కూలి ఎక్కువ, ఆడదాని కూలి తక్కువ.

తీరంలో బతుకు మరొక రకం. మగవాళ్లు తెల్లారకముందే తెప్పల మీద సముద్రంలోకి పోతే, వచ్చిన చేపను అమ్మి డబ్బు చేసే భారం ఆడవాళ్లది. గంప నెత్తికెత్తుకుని మైళ్లకు మైళ్లు నడిచి లోపలి ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి అమ్మేవారు. అమ్ముడుపోని చేపను ఉప్పు పట్టించి ఎండబెట్టేదీ వారే. ఇసకపల్లి వంటి చోట్ల ఉప్పు కొఠార్లలో ఎర్రటి ఎండలో ఉప్పు గంపలు మోసి గట్టున పోసే పనిలోనూ ఆడవాళ్లే ఎక్కువ. ఉప్పు నీటిలో నాని పాదాలు పగిలేవి. ఇసుకలో తవ్విన దొరువు నుంచి బిందెలతో మంచినీళ్లు మోసేదీ వారే. తుఫాను వచ్చి గుడిసె ఎగిరిపోతే మళ్లీ పొయ్యి రాజేసేదీ వారే. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానును చూసిన అవ్వలు ఆ రాత్రిని ఇంకా మరచిపోలేదు.

దూబగుంట కావలికి పడమటి దిక్కున ఉన్న మెట్ట ప్రాంతం. వాన పడితే పంట, లేకుంటే లేదు. కూలి పనే చాలా కుటుంబాలకు ఆధారం. ఉప్పు గంప మోసిన ఆడదానికీ, మెట్టచేలో కలుపు తీసిన ఆడదానికీ పని వేరైనా సాయంత్రం కష్టం ఒక్కటే. ఇద్దరూ ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించి, మగవాడు కూలి డబ్బు తెస్తాడా లేదా అని వీధి వైపు చూసేవారు.

ఇంటి ముంగిటికి వచ్చిన సారా

ఆ డబ్బు దారిలోనే ఆగిపోయేది. పూర్వం తాగాలంటే కల్లుపాకకో, ఊరవతల సారా కొట్టుకో పోవాలి. 1980లలో ప్రభుత్వం వారుణి వాహిని పేరుతో సారాను ప్లాస్టిక్ పాకెట్లలో నింపి సరఫరా చేసే పద్ధతి తెచ్చింది. పాకెట్టు జేబులో పడుతుంది, సంచిలో పడుతుంది. దుకాణం పాట పాడుకున్న కాంట్రాక్టరు మనుషులు జీపుల్లో మారుమూల ఊళ్లకు కూడా సరుకు చేర్చేవారు. తాగునీటి బావి లేని పల్లెలో కూడా సారా పాకెట్టు దొరికేది.

ప్రభుత్వానికి ఇది పెద్ద రాబడి. 1970-71లో 39 కోట్ల రూపాయలున్న రాష్ట్ర ఆబ్కారీ ఆదాయం 1991-92 నాటికి 812 కోట్ల రూపాయలకు చేరింది. లెక్కల పుస్తకంలో ఆదాయంగా కనిపించిన ఈ సొమ్ములో చాలా భాగం పల్లెల్లో మగవాడు పగలంతా కష్టపడి తెచ్చిన కూలి. అతడు సాయంత్రానికి దాన్ని సారా కొట్టులో పోస్తే, ఆడది తన తక్కువ కూలితోనే పిల్లలకు సంగటి వండాలి. అది కూడా లాక్కునే మగవాళ్లు ఉండేవారు. ఇవ్వనంటే దెబ్బలు. చెవి కమ్మలు, ఇత్తడి బిందెలు తాకట్టు కొట్టుకు పోయేవి.

ఈ బాధ ప్రతి ఇంట్లోనూ ఉంది. ఎవరి బాధ వారిదే. మొగుడు తాగి కొట్టాడని పక్కింటి వారికి చెప్పుకోవడానికి సిగ్గు. చెప్పినా, మా ఇంట్లోనూ అంతేనని వారు నిట్టూర్చడమే తప్ప ఏమీ జరిగేది కాదు. నాలుగిళ్ల ఆడవాళ్లు ఒకచోట కూర్చుని ఈ మాట మాట్లాడుకునే వీలు పల్లెలో లేకపోయింది.

రాత్రిబడిలో అక్షరదీపం

ఆ వీలు చదువు రూపంలో వచ్చింది. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరిట సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం మొదలయింది. జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు, చదువుకున్న ఊరి యువకులు వలంటీర్లుగా ముందుకు వచ్చారు. పగలు పనికి పోయే వారి కోసం పొద్దుగూకిన తర్వాత బడి పెట్టారు. మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువ ఉత్సాహంతో వచ్చారు.

వారి వాచకంలో అక్షరాలతో పాటు పల్లె బతుకు గురించిన పాఠాలు ఉండేవి. అందులో సీతమ్మ కథ ఒకటి. సారా వల్ల నాశనమవుతున్న ఊరిలో సీతమ్మ అనే స్త్రీ తోటి ఆడవాళ్లను కూడగట్టి దుకాణం మూయించడం ఆ కథలోని విషయం. చదివిన ప్రతి ఆడదీ అది తన ఊరి కథే అనుకుంది. రాత్రిబడిలో పాఠం ముగిసిన తర్వాత కూడా మాటలు ఆగేవి కావు. ఇన్నాళ్లూ ఎవరింట్లో వారు దాచుకున్న బాధ నలుగురి మధ్యకు వచ్చింది. అక్షరదీపం వల్ల జరిగిన మొదటి మేలు ఇదే.

ఒక విచిత్రం కూడా చెప్పుకోవాలి. రాత్రిబడి నడిపించిందీ ప్రభుత్వమే, సారా దుకాణాలకు వేలంపాట పెట్టిందీ ప్రభుత్వమే.

చెరువులో రెండు ప్రాణాలు

దూబగుంటలో ఈ మాటలు నడుస్తుండగానే దారుణం జరిగింది. సారా మత్తులో ఇద్దరు ఊరి చెరువులో పడి చనిపోయారు. ఇక ఆడవాళ్లు ఊరుకోలేకపోయారు. ఊళ్లో సారా అమ్మకూడదని పెద్దలను అడిగారు. ప్రయోజనం లేకపోయింది. సుమారు వంద మంది స్త్రీలు తామే కదిలారు.

మొదట ఊళ్లోకి వస్తున్న కల్లు బండిని ఆపారు. కల్లు పారబోయమన్నారు. నష్టం వస్తుందంటావా, తలా ఒక రూపాయి వేసుకుని ఇస్తాము, ఇక ఈ ఊరికి రావద్దన్నారు. ఆ రోజుల్లో రూపాయి అంటే వారికి చిన్న మొత్తం కాదు. అయినా ఎదుటివాడి పొట్ట కొట్టాలన్నది తమ ఉద్దేశం కాదని ఆ మాటతో చెప్పారు. తర్వాత సారా పాకెట్లతో వచ్చిన జీపును చుట్టుముట్టి వెనక్కు పంపారు. దుకాణం మూయించారు. కొద్ది రోజులకు పోలీసుల అండతో మళ్లీ సరుకు దింపాలని చూస్తే, కలెక్టరు దగ్గరకే పోయి తేల్చుకుంటామని తిరగబడ్డారు. దూబగుంటలో సారా ఆగిపోయింది.

ఈ ఆడవాళ్లలో ముందు నిలిచినది రోశమ్మ. అప్పటికే ఆమె నడివయసు దాటిన మనిషి. పార్టీ పదవి లేదు, వెనుక ధనబలం లేదు. పల్లెల్లో వయసు మళ్లిన స్త్రీకి ఒక బలం ఉంటుంది. కొత్త కోడలు నోరు విప్పలేని చోట ఆమె విప్పగలదు. కొడుకు వయసు మగవాణ్ని నిలబెట్టి అడగగలదు. ఆమె ముందుకు అడుగు వేస్తే పడుచు పిల్లలకు వెనుక నడవడానికి ధైర్యం వస్తుంది. దూబగుంటలో అదే జరిగింది.

ఊరే పాఠమయింది

దూబగుంట ఆడవాళ్లు సాధించినది తర్వాతి వాచకంలో 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠమయింది. సీతమ్మది కల్పిత కథ. ఇది మాత్రం పక్క మండలంలో నిజంగా జరిగింది, కావాలంటే పోయి చూసి రావచ్చు. ఈ పాఠం జిల్లాలోని రాత్రిబడులన్నింటికీ చేరింది. వాళ్లు చేయగలిగినది మనం ఎందుకు చేయలేము అన్న ప్రశ్న ఊరూరా లేచింది.

1992 వేసవి దాటేసరికి ఉద్యమం జిల్లాను చుట్టేసింది. ఉదయగిరి మెట్ట నుంచి పెన్న డెల్టాకు, అక్కడి నుంచి తీరానికి పాకింది. ఊరి పొలిమేరలో ఆడవాళ్లు వంతుల వారీగా కాపలా కాశారు. చీపురు, కారప్పొడి వారి ఆయుధాలు. పాకెట్ల మూటలు దొరికితే నడివీధిలో తగలబెట్టారు. తాగి వచ్చిన మగవాడికి అన్నం పెట్టేది లేదన్నారు. కొన్ని ఊళ్లలో తాగుబోతులకు గుండు గీయించి గాడిద మీద ఊరేగించారు. కాంట్రాక్టర్ల మనుషులు బెదిరించారు, కొన్ని చోట్ల కొట్టారు కూడా. ఆడవాళ్లు తగ్గలేదు.

అసలు పోరాటం వేలంపాట దగ్గర జరిగింది. ఊళ్లో దుకాణం మూసినా పాట జరిగితే మళ్లీ తెరుస్తారని ఆడవాళ్లు తెలుసుకున్నారు. పాట జరిగే రోజున పల్లెల నుంచి నెల్లూరుకు తరలివచ్చి అడ్డుకున్నారు. అధికారులు పాటను వాయిదా మీద వాయిదా వేయవలసి వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి కూడా ఆనాడు ఈ జిల్లాలోనే ఉన్న తీర ప్రాంతపు వాకాడుకు చెందినవారే కావడం గమనార్హం. పత్రికలు ఉద్యమ వార్తలకు పెద్ద పీట వేశాయి. వావిలాల గోపాలకృష్ణయ్య వంటి స్వాతంత్ర్య సమరయోధులు మద్దతుగా నిలిచారు. ఇతర జిల్లాల స్త్రీలూ కదిలారు.

మద్యం మానాలన్న మాట ఈ జిల్లాకు కొత్త కాదు. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ పెన్న ఒడ్డున పల్లిపాడులో సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారు. ఆనాటి నుంచి మద్యపానం మానాలని పెద్దలు చెబుతూనే ఉన్నారు. అయితే ఆ మాట చెప్పినవారు నాయకులు, విన్నవారు జనం. 1992లో ఎవరూ చెప్పకుండానే ఇంటి ఆడది వీధిలోకి వచ్చింది.

నిషేధం వచ్చింది, పోయింది

1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో సారాను నిషేధించారు. కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా అదే సంవత్సరం అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా నిషేధం అమలయింది. 1994 డిసెంబరులో మళ్లీ ముఖ్యమంత్రి అయిన ఎన్.టి.రామారావు సంపూర్ణ మద్య నిషేధం ఫైలుపై సంతకం చేశారు. 1995 జనవరి 16 నుంచి అది అమలులోకి వచ్చింది.

ఆ ఆనందం ఎక్కువ కాలం నిలవలేదు. 1997లో ప్రభుత్వం నిషేధాన్ని సడలించింది. బ్రాందీ, విస్కీ దుకాణాలు తిరిగి తెరుచుకున్నాయి. ఖజానాకు ఆదాయం కావాలన్న వాదం మళ్లీ గెలిచింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు నుంచి మద్యం దుకాణాలను ప్రభుత్వమే నడిపింది. 2024 అక్టోబరులో అవి తిరిగి ప్రైవేటువారికి వెళ్లాయి. దుకాణం చేతులు మారింది కాని మూతపడలేదు. రోశమ్మ కన్నుమూసే నాటికి కూడా రాష్ట్రంలో మద్యం అమ్మకం సాగుతూనే ఉంది.

దీన్ని బట్టి ఆమె పోరాటం వృథా అయిందని కొందరు అంటారు. అది సరికాదు. సర్కారు సారా పాకెట్టు మళ్లీ పల్లె మొహం చూడలేదు. దొంగచాటుగా నాటుసారా కాచేవారు ఉన్నా, అది నేరమని వారికీ తెలుసు. ప్రభుత్వ ముద్రతో గుడిసె వాకిట్లోకి సారా వచ్చిన రోజులు 1993తో పోయాయి. వెనక్కు తిప్పలేని గెలుపు అంటే అది.

సారా రూపాయి పొదుపు రూపాయి అయింది

ఇంకొక గెలుపు ఉంది. దాని గురించి చెప్పుకునేవారు తక్కువ. సారా ఆగిన ఊళ్లలో ఇంటికి వచ్చిన కూలి డబ్బును ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. సారా వ్యతిరేక ఉద్యమంలో కలిసి తిరిగిన ఆడవాళ్లే 1993 ప్రాంతంలో జిల్లాలో పొదుపులక్ష్మి సంఘాలు పెట్టుకున్నారు. రోజుకు ఒక రూపాయి పొదుపు చేయాలన్నది నియమం. కల్లు బండి వాడికి నష్టపరిహారంగా ఇస్తామన్న ఆ రూపాయే ఇప్పుడు సంఘం పెట్టెలో పడింది.

పది పదిహేను మంది ఒక సంఘం. రాత్రిబడిలో సంతకం నేర్చుకున్న చేతులు తీర్మానాల పుస్తకంలో సంతకాలు చేశాయి. వేలిముద్ర వేయమనే కాలం పోయింది. జమ అయిన సొమ్ములో నుంచి అవసరం ఉన్నవారు అప్పు తీసుకుని తీర్చేవారు. వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కే పని తగ్గింది. తర్వాత బ్యాంకులు సంఘాలకు అప్పులు ఇవ్వసాగాయి. నెల్లూరు జిల్లాలో వేళ్లూనిన ఈ పొదుపు ఉద్యమం రాష్ట్రమంతటా విస్తరించింది. నేడు ఏ పల్లెకు పోయినా డ్వాక్రా సంఘం లేని ఊరు ఉండదు.

తీరంలో కూడా దీని ఫలితం కనిపిస్తుంది. చేపలు కొనడానికి పొద్దున్నే పెట్టుబడి కావాలి. అధిక వడ్డీకి అప్పు తెచ్చి సాయంత్రం తీర్చే మత్స్యకార స్త్రీకి సంఘం అప్పు పెద్ద ఆసరా. ఒక బర్రెను కొనుక్కోవడానికి, కుట్టుమిషనుకు, ఆడపిల్లను కాలేజీలో చేర్చడానికి సంఘం డబ్బు ఉపయోగపడిన ఇళ్లు జిల్లాలో లెక్కకు మించి ఉన్నాయి. అప్పులు సకాలంలో తీర్చలేక ఇబ్బంది పడే సంఘాలూ ఉన్నాయి. అయినా డబ్బు గురించి మాట్లాడే హక్కు ఆడదానికి వచ్చింది. నాట్లు వేసి, ఉప్పు మోసి, చేప అమ్మి తెచ్చిన సొమ్ము మీద మాట చెల్లడమే రోశమ్మ తరం అడిగినది.

మనవరాళ్లు తెలుసుకోవలసినది

1992లో పొలిమేరలో కాపలా కాసిన ఆడవాళ్లలో చాలామంది ఈ లోకాన లేరు. ఉన్నవారికి మోకాళ్ల నొప్పులు, చూపు మందగించడం. కొందరు ఈ వయసులోనూ కలుపుకు పోతున్నారు, చేపల గంప దించలేదు. దేశంలోని విశ్వవిద్యాలయాల్లో స్త్రీల ఉద్యమాల గురించి చదివేవారు నెల్లూరు సారా ఉద్యమాన్ని చదువుతారు. ఆ ఉద్యమం నడిపిన అవ్వ ఇంట్లో మనవరాలు మాత్రం దాన్ని గురించి వినలేదు.

రోశమ్మ ఫోటోకు దండ వేయడం సులభం. ఆమె చేసిన పనిని గుర్తు పెట్టుకోవడం కష్టం. ఊళ్లోని అవ్వల దగ్గర కూర్చుని ఏ సంవత్సరం ఏం జరిగింది, ఎవరెవరు వచ్చారు, ఎవరు దెబ్బలు తిన్నారు అని అడిగి పిల్లలు ఒక పుస్తకంలో రాసుకుంటే ఆ ఊరి చరిత్ర నిలుస్తుంది. బడి పంతుళ్లు పూనుకుంటే ఇది పెద్ద పనేమీ కాదు. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న అవ్వల మాట, పగటి బడిలో చదువుకుంటున్న మనవరాళ్ల చేతిరాతలో ఉండాలి.

బెల్టు దుకాణం వచ్చిందని, మొగుడు తాగి వస్తున్నాడని నేడు కూడా పల్లెల్లో ఆడవాళ్లు వాపోతున్నారు. దూబగుంటలో మొదటి రోజు కదిలినవారు వంద మంది. అంతకు ముందు వారు కూడా ఎవరింట్లో వారు కూర్చుని ఏడ్చినవారే.